షాపు కంప్యూటర్‌లో డిఫాల్ట్ ఏది ఉండాలి: విండోసా, ఉబుంటూనా?

తెనాలి_పిల్ల

అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. నాన్నగారు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేస్తారు కాబట్టి విండోస్ 10 తప్పదు. అదే కంప్యూటర్‌లో నా బీటెక్ పని కోసం పక్కన ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్ వేసుకున్నాను. ప్రాసెసర్ ఇంటెల్ ఆరో తరానిది, విండోస్ 11 కి పనికిరాదు.

ఇప్పుడు స్విచ్ వెయ్యగానే ఏ సిస్టమ్ తెరవాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది. 10 సెకన్లు చూసి ఉబుంటులోకి వెళ్లిపోతుంది. నాన్నగారు పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి, వాకిలి ఊడ్చి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి వచ్చేసరికి ఉబుంటు లాగిన్ తెర కనిపిస్తుంది. మళ్లీ రీస్టార్ట్ చేసి, ఈసారి ఎక్కడికీ కదలకుండా నిలబడి కింది బాణం నొక్కాలి. ముహూర్తాల రోజుల్లో ప్రూఫ్ కోసం కస్టమర్ ఎదురుగా నిలబడి ఉంటే ఆయనకి ఒకటే టెన్షన్.

విండోస్‌నే డిఫాల్ట్ చెయ్యమని ఆయన అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. 2025 అక్టోబర్ 14 తో విండోస్ 10 కి మామూలు సపోర్ట్ అయిపోయింది. దానంతట అది వచ్చేది ఉబుంటు అయితే మెయిలు, వాట్సాప్ వెబ్, నెట్ పనులు అందులోనే జరుగుతాయి, విండోస్ కావాలనుకున్నప్పుడే తెరుస్తారు అని నా ఆలోచన. మీరేమంటారు?

కన్సోల్_కబుర్లు

చెల్లీ, చివరిసారి ఏది వాడితే మళ్లీ అదే వచ్చేలా పెట్టెయ్. ఈటీసీ ఫోల్డర్‌లో డిఫాల్ట్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో గ్రబ్ అనే ఫైలు. 'గ్రబ్ డిఫాల్ట్' వరుసలో ఉన్న సున్నా తీసేసి 'సేవ్డ్' అని రాయి. దాని కింద 'గ్రబ్ సేవ్‌డిఫాల్ట్' అని ఇంకో వరుస చేర్చి 'ట్రూ' అని పెట్టు. ఫైల్లో ఈ పేర్లన్నీ ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో ఉంటాయి, గ్రబ్ తర్వాత కింద గీత వస్తుంది. సేవ్ చేశాక టెర్మినల్‌లో సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, అప్‌డేట్-గ్రబ్ కమాండ్ నడపాలి. అది నడిపేదాకా మెనూలో ఏమీ మారదు.

ఇందులో ఇంకో లాభం ఉంది. విండోస్ అప్‌డేట్ అవుతున్నప్పుడు మధ్యలో దానంతట అది రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటు డిఫాల్ట్ అయితే ఆ రీస్టార్ట్ ఉబుంటులోకి వచ్చి పడుతుంది, అక్కడ అప్‌డేట్ సగంలో ఉండిపోతుంది. చివరిగా వాడింది విండోస్ అని గ్రబ్ గుర్తుపెట్టుకుంటే మళ్లీ విండోస్‌కే వెళ్లి పని పూర్తి చేస్తుంది.

ల్యాబ్_మాస్టారు

కన్సోల్ గారూ, మీరు చెప్పింది ఒక్కరే వాడే కంప్యూటర్‌కి చక్కగా సరిపోతుంది. ఇద్దరు వాడే చోట దానికన్నా ఇబ్బంది ఇంకోటి లేదు. రాత్రి అమ్మాయి ఉబుంటులో ప్రాజెక్ట్ చేసుకుని ఆపేస్తే పొద్దున నాన్నగారికి ఉబుంటు వస్తుంది. ఆమె ముట్టుకోని మర్నాడు విండోస్ వస్తుంది. రోజూ తనకి అక్కర్లేనిదే వచ్చినా మనిషి దానికి అలవాటు పడతాడు. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఇంకోటి వస్తే దేనికని అలవాటు పడాలి?

నేను ఒక కాలేజీలో ల్యాబ్ చూస్తుంటాను. మా దగ్గర సీ ప్రోగ్రామింగ్‌కి ఉబుంటు, ట్యాలీ క్లాసులకి విండోస్. కరెంటు పోయి వచ్చిందంటే గది మొత్తం ఒకేసారి లేస్తుంది. ప్రతి కీబోర్డు ముందూ ఒక మనిషిని నిలబెట్టలేం కదా. అందుకని నేను పట్టుకున్న సూత్రం ఒకటే: ఎవరూ ఏ మీటా నొక్కనప్పుడు వచ్చేది డిఫాల్ట్ కాబట్టి, ఆ సమయంలో మీట నొక్కే వీలు లేని మనిషికి కావలసిందే అక్కడ ఉండాలి. అమ్మాయికి బాణం మీట ఒక లెక్క కాదు. ఏ వరుసలో ఏముందో ఆమెకి తెలుసు, కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఎదురుగానే కూర్చుని ఉంటుంది. నాన్నగారు ఆ పది సెకన్లూ చీపురు పట్టుకుని ఉన్నారు. విండోస్ పెట్టమ్మా.

అంకెతో మాత్రం పెట్టొద్దు. గ్రబ్ సున్నా నుంచి లెక్కపెడుతుంది. మెనూలో మొదట ఉబుంటు, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆ కింద విండోస్ ఉంటే దాని అంకె 2. రేపు ఏదో అప్‌డేట్‌తో మధ్యలో మెమరీ టెస్ట్ వరుసలు చేరాయంటే ఆ 2 దగ్గర ఇంకోటి కూర్చుంటుంది. మెనూలో కనిపించే పేరు రాద్దామంటే అందులో డిస్క్ పేరు కూడా ఉంటుంది, కొత్త డిస్క్ తగిలిస్తే అదీ మారొచ్చు. బూట్ ఫోల్డర్ లోపల గ్రబ్ ఫోల్డర్‌లో తయారైన మెనూ ఫైలు తెరిచి చూడు. విండోస్ వరుసలో 'ఓఎస్‌ప్రోబర్-ఈఎఫ్ఐ' అని మొదలై డిస్క్ విభాగం గుర్తింపుతో ముగిసే ఐడీ ఒకటి ఉంటుంది. అది రాస్తే, ఆ విభాగాన్ని ఫార్మాట్ చేస్తే తప్ప కదలదు.

నల్గొండ_నెట్

మాస్టారు గారి మీద గౌరవంతోనే చెప్తున్నా, ఇక్కడ నేను చెల్లెలి పక్షం. డీటీపీ షాపు అంటే ఏమిటో తెలుసు కదా. పొద్దుట్నుంచి రాత్రి దాకా ఊళ్లో ఉన్న పెన్‌డ్రైవులన్నీ ఆ కంప్యూటర్‌కి తగులుతాయి. ఒకడు ఫోటో తెస్తాడు, ఒకడు ఆధార్ జిరాక్స్ అంటాడు, ఒకడు స్కూల్ కరపత్రం మేటర్ తెస్తాడు. కొత్తగా బయటపడిన లోపాలకి ప్యాచ్ రాని విండోస్‌లో అవన్నీ తెరవడం ప్రమాదం. మనం ఏది ముందు పెడితే జనం అదే వాడతారు. విండోస్ డిఫాల్ట్ చేశాక ఉబుంటులోకి వెళ్లి పెన్‌డ్రైవ్ చూసేవాళ్లు ఉంటారా? పదేళ్ల పెళ్లికార్డుల ఫైళ్లు ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే ఒక్క రాన్సమ్‌వేర్ దెబ్బకి పోతే ఆ షాపు పరిస్థితి ఏమిటి? రోజుకో రీస్టార్ట్ దాని ముందు ఎంత?

ల్యాబ్_మాస్టారు

మీ భయం నిజమే, దాన్ని తీసిపారెయ్యను. కానీ ఉబుంటు డిఫాల్ట్ పెడితే ఆ ప్రమాదం ఎంత తగ్గుతుందో చూడండి. ఆయన పొద్దున రీస్టార్ట్ చేసి విండోస్‌లోకి వెళ్తారు. ఇక రాత్రి దాకా అందులోనే ఉంటారు. మధ్యలో కస్టమర్ పెన్‌డ్రైవ్ ఇస్తే పేజ్‌మేకర్ మూసేసి, రీస్టార్ట్ చేసి, ఉబుంటులో చూసి, మళ్లీ రీస్టార్ట్ చేసి రారు. ఎవరూ రారు. విండోస్ నడిచే గంటలు తగ్గలేదు, పొద్దున ఒక రీస్టార్ట్ పెరిగింది, అంతే.

వైరస్ వచ్చేది నెట్ నుంచి, పెన్‌డ్రైవ్ నుంచి. అడ్డుకట్ట అక్కడ వెయ్యాలి. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టర్‌ని డిజేబుల్ చెయ్యండి, ఆటోప్లే ఆపెయ్యండి, నాన్నగారికి అడ్మిన్ కాని ఖాతా ఇవ్వండి. రోజూ రాత్రి ఫైళ్ల కాపీ ఇంకో డిస్క్‌లోకి పోవాలి, కాపీ అయ్యాక ఆ డిస్క్ విడిగా తీసి పెట్టాలి. మీరు చెప్పిన రాన్సమ్‌వేర్‌కి మందు ఇది.

ఫ్రిస్కో_నుంచి

అసలు గ్రబ్‌ని ఎందుకు ఇందులోకి లాగాలి? కంప్యూటర్ యూఈఎఫ్ఐది (పాత బయోస్ స్థానంలో వచ్చిన పద్ధతిది) అయితే డిఫాల్ట్‌ని ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్‌లో, పెట్టొచ్చు. బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్‌ని మొదట ఉంచండి. అంకుల్‌కి మెనూ కనిపించదు, ఎదురుచూపూ ఉండదు. మీకు ఉబుంటు కావాలంటే ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ మీట నొక్కండి. డెల్, లెనోవోల్లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, అసూస్ బోర్డుల్లో ఎఫ్8. విండోస్‌లో ఉన్నప్పుడు షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కినా వచ్చే తెరలో 'యూజ్ ఎ డివైస్' కింద ఉబుంటు కనిపిస్తుంది.

ఇంకో కారణం. డిస్క్‌కి బిట్‌లాకర్ అనే విండోస్ తాళం వేసి ఉంటే, విండోస్‌ని గ్రబ్ ద్వారా తెరిచినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఫర్మ్‌వేర్ నుంచి నేరుగా వెళ్తే ఆ తలనొప్పి లేదు. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ సెక్యూరిటీ అప్‌డేట్ గుర్తుందా? సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం ఉన్నవాటినే తెరవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉన్న చాలా డ్యూయల్ బూట్, అంటే రెండు సిస్టమ్‌లున్న, కంప్యూటర్లలో పాత లినక్స్ బూట్‌లోడర్లు ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి, 'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అని చూపించి ఆగిపోయాయి. అలాంటి రోజున గ్రబ్ ముందున్న షాపులో విండోస్ కూడా రాదు. విండోస్ ముందుంటే కనీసం పని ఆగదు.

ఒక్క_మాట

ఉబుంటులోనే వర్చువల్‌బాక్స్ పెట్టి అందులో విండోస్ నడిపితే ఈ గొడవే ఉండదు కదా?

తెనాలి_పిల్ల

ర్యామ్ 4 జీబీనే అండీ. రెండూ ఒకేసారి మొయ్యలేదు. పైగా ప్రింటర్ కూడా విండోస్‌తోనే సరిగ్గా మాట వింటుంది.

ఫ్రిస్కో అన్నా, మాది అసెంబుల్డ్ బోర్డు, ఎఫ్11 నొక్కితే బూట్ మెనూ వస్తుంది. బిట్‌లాకర్ లేదు. కాకపోతే నేను ఉబుంటులో కెర్నల్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేస్తే ప్రతిసారీ ఆ క్షణాన్ని పట్టుకుని ఎఫ్11 కొట్టాలి. అర సెకను ఆలస్యమైనా విండోస్‌లోకి పోతుంది. మెనూ కనిపిస్తే నాకు హాయి.

కన్సోల్_కబుర్లు

అయితే ఇంకో దారి. గ్రబ్‌లో డేట్‌హుక్ అనే మాడ్యూల్ ఉంది. అది గంట, నిమిషం చెప్తుంది. కస్టమ్ ఫైల్లో ఒక 'ఇఫ్' రాస్తే పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా విండోస్, ఆ తర్వాత ఉబుంటు డిఫాల్ట్ అవుతాయి. షాపు వేళలకి సరిగ్గా సరిపోతుంది.

ల్యాబ్_మాస్టారు

ఆలోచన బాగుంది, కానీ ఈ కంప్యూటర్‌కి వద్దంటాను. గ్రబ్ చూసేది బోర్డు మీది గడియారాన్ని. విండోస్ అందులో మన స్థానిక సమయం రాస్తుంది. ఉబుంటు మామూలుగా అందులో యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందనుకుంటుంది, తనూ యూటీసీయే రాస్తుంది. మనకి తేడా ఐదున్నర గంటలు. రాత్రి ఉబుంటు వాడి ఆపేస్తే, పొద్దున తొమ్మిదిన్నరకి బోర్డు గడియారంలో నాలుగు అని ఉంటుంది. నాలుగంటే షాపు తెరవలేదని గ్రబ్ ఉబుంటు తెరుస్తుంది. ముందు రెండిటికీ ఒకే సమయం అలవాటు చెయ్యాలి. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ (బోర్డు గడియారంలో స్థానిక సమయం) పెడితే అవుతుంది. అది ఎలాగూ చెయ్యండి, లేకపోతే బిల్లుల మీద టైము తప్పు పడుతుంది. ఇక సెక్యూర్ బూట్ ఉన్న చోట సంతకం లేని మాడ్యూళ్లని గ్రబ్ లోపలికి రానివ్వదు, డేట్‌హుక్ అక్కడ కుదరకపోవచ్చు.

మీరు మొదట చెప్పిన 'సేవ్డ్' మాత్రం నాకూ కావాలి, రెండో వరుస లేకుండా. 'సేవ్‌డిఫాల్ట్' పెట్టకుండా 'సేవ్డ్' ఒక్కటే ఉంచితే, గ్రబ్ ఎవరు ఏది వాడారో గుర్తుపెట్టుకోదు. మనం గ్రబ్-సెట్-డిఫాల్ట్ కమాండ్‌తో చెప్పిందే శాశ్వతం. దానికి విండోస్ ఐడీ ఇవ్వు. అమ్మాయి ఉబుంటు అప్‌డేట్ చేసి మళ్లీ ఉబుంటుకే రావాలంటే రీస్టార్ట్‌కి ముందు గ్రబ్-రీబూట్ సున్నా అని కొడితే చాలు. ఆ ఒక్కసారికి ఉబుంటు వస్తుంది, మర్నాడు మామూలే. బూట్ ఫోల్డర్ ఎక్స్‌టీ4 పద్ధతిలో ఫార్మాట్ చేసిన విభాగంలో ఉంటే ఇది నమ్మకంగా పని చేస్తుంది. బీటీఆర్ఎఫ్ఎస్‌లోనో ఎల్‌వీఎమ్‌లోనో ఉంటే బూట్ సమయంలో గ్రబ్ అక్కడ రాయలేదు, ఆ 'ఒక్కసారి' చెరగకుండా ఉండిపోతుంది.

తెనాలి_పిల్ల

ఎక్స్‌టీ4 నే మాస్టారూ. ఒక సందేహం. ఆ ఫైల్లో టైమవుట్ సున్నా అని ఉంది, కానీ మెనూ 10 సెకన్లు ఉంటోంది. ఎందుకు?

ల్యాబ్_మాస్టారు

ఉబుంటు ఒంటరిగా ఉంటే మెనూ దాచేస్తుంది. పక్కన విండోస్ కనిపిస్తే ఆ సున్నాని పక్కనపెట్టి 10 చేస్తుంది, లేకపోతే రెండో సిస్టమ్‌ని ఎంచుకునే వీలే ఉండదు కదా. టైమవుట్ స్టైల్‌ని 'మెనూ' చేసి, టైమవుట్ 5 పెట్టు. ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత మెనూలోంచి విండోస్ మాయమైతే కంగారు పడకు. 2021 లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లని వెతికే ఓఎస్-ప్రోబర్‌ని భద్రత కోసం ముందే ఆపి ఉంచుతున్నారు. 'గ్రబ్ డిజేబుల్ ఓఎస్ ప్రోబర్' అనే వరుసలో 'ఫాల్స్' పెట్టి అప్‌డేట్-గ్రబ్ నడిపితే తిరిగి వస్తుంది.

తెనాలి_పిల్ల

సరే, నాన్నగారి మాటే. విండోస్ డిఫాల్ట్, 5 సెకన్లు, మెనూ కనిపిస్తుంది. మాస్టారు చెప్పిన లెక్క దగ్గర నా వాదన నిలవలేదు. ఆయన రోజంతా విండోస్‌లోనే ఉంటారు, అది మెనూతో మారేది కాదు. విండోస్‌లో నెట్ ఆపేస్తున్నాను. వాట్సాప్‌లో వచ్చే ఫోటోల్ని ఫోన్ నుంచి కేబుల్‌తో తీసుకుంటారు. ఫాస్ట్ స్టార్టప్ కూడా తీసేస్తున్నాను. అది ఉంటే విండోస్ షట్‌డౌన్ పూర్తిగా జరగదు, ఉబుంటులో డీ డ్రైవ్ చదవడానికే గానీ రాయడానికి తెరుచుకోవడం లేదు. రాత్రి బ్యాకప్ ఉబుంటులోంచే తీస్తాను.

నల్గొండ_నెట్

నీ నిర్ణయం నీది చెల్లీ, నా అభిప్రాయం మాత్రం మారలేదు. ఆ పెన్‌డ్రైవుల సంగతి ఇంకా తేలలేదు. కనీసం ఒక్క పని చెయ్యి. నెట్ ఆపే ముందే విండోస్ 10 కి ఈఎస్‌యూలో (సపోర్ట్ అయిపోయాక సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకంలో) నమోదు చేయించు. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అవ్వాలి. నెలకోసారి, మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు వదిలే రెండో మంగళవారం దాటాక, అడాప్టర్ ఆన్ చేసి అప్‌డేట్ చేసి మళ్లీ ఆపెయ్. విండోసే డిఫాల్ట్ కాబట్టి మధ్యలో రీస్టార్ట్ అయినా దారి తప్పదు.

తెనాలి_పిల్ల

22హెచ్2 నే ఉంది అన్నా. ఈ ఆదివారం షాపు సెలవు, అప్పుడే నమోదు చేసి, అప్‌డేట్లన్నీ ఎక్కించి, ఆ తర్వాతే నెట్ తీసేస్తాను.