హెన్రీ పెళ్ళిళ్ళు అర్థమవుతున్నాయి, పార్లమెంటే అర్థం కావడం లేదు

ప్రశ్న (రాత్రిచదువరి):

ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్, స్టువర్ట్ వంశాల రాజుల మీద మామూలు పాఠకుల కోసం రాసిన పుస్తకాలు వరసపెట్టి చదువుతున్నాను. ఎనిమిదో హెన్రీ, ఆన్ బొలీన్, ఎలిజబెత్ దాకా నవలలా సాగిపోతున్నాయి. మొదటి చార్లెస్ దగ్గరికొచ్చేసరికి పట్టు దొరకడం లేదు. 1509లో గద్దెనెక్కిన హెన్రీ ఇద్దరు భార్యల తలలు తీయించాడు, ఎవరూ నోరెత్తలేదు. 1649లో అదే దేశం రాజు తలే తీసింది. ఈ 140 ఏళ్ళలో పార్లమెంటుకు అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? నా దగ్గరున్న పుస్తకాలేవీ అంతఃపురం గుమ్మం దాటి బయటికి రావు.

ఇంకో రెండు చిక్కులు. హెన్రీ కొలువులోని పెద్దలు వుల్జీ, మోర్, క్రామ్‌వెల్, క్రాన్మర్, అందరూ థామస్‌లే. పైగా చార్లెస్ మరణశిక్ష వారంటు మీద 1648 అని ఉంటుందట, పుస్తకాలన్నీ 1649 అంటాయి. ఏది నిజం?

జవాబు (తేదీలపిచ్చి):

రెండూ నిజమే. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. చార్లెస్ తల తీసిన జనవరి 30 వాళ్ళ లెక్కలో ఇంకా 1648లోనే ఉంది. 1752లోగానీ జనవరి 1కి మారలేదు. స్కాట్లండ్ మాత్రం 1600లోనే మార్చుకుంది, కాబట్టి ఒకే రాజు కింద రెండు దేశాల్లో రెండు లెక్కలు నడిచాయి.

థామస్‌లను చావులతో గుర్తుపెట్టుకోండి. వుల్జీ 1530లో విచారణకు తీసుకెళ్తుండగా దారిలో పోయాడు. మోర్ తల 1535లో, క్రామ్‌వెల్ తల 1540లో పోయాయి. క్రాన్మర్‌ను హెన్రీ కూతురు మేరీ రాణి హయాంలో 1556లో సజీవంగా తగలబెట్టారు. నిజానికి బిరుదులతోనే ఎక్కువ అవస్థ. హర్ట్‌ఫర్డ్ ఎర్ల్, సోమర్సెట్ డ్యూక్ ఇద్దరు మనుషులు కాదు, ఎడ్వర్డ్ సీమోర్ ఒక్కడే. ఎవరికి ఏ బిరుదు ఏ ఏడు వచ్చిందో అట్ట లోపల రాసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

జవాబు (మఠాలభూమి):

ముందొక మాట. ఎవరూ నోరెత్తలేదనడం సరికాదు. హెన్రీ క్రైస్తవ సన్యాసుల మఠాలు మూయించడం మొదలుపెట్టిన 1536లోనే ఉత్తరాది జిల్లాల్లో వేలమంది తిరగబడ్డారు. హెన్రీ హామీలిచ్చి వాళ్ళను ఇళ్ళకు పంపి, మరుసటి ఏడు నాయకుల్ని చంపించాడు. మీ పుస్తకాల్లో ఆ ఏడాదంతా ఆన్ బొలీన్ విచారణకే పోయి ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. డబ్బు ఎటు పోయిందో చూడండి. ఈ కాలం మీద ఏ పుస్తకం దొరికినా నేను ముందు వెనకున్న సూచికలో పన్నులు, మఠాల భూములు ఎన్ని పేజీల్లో ఉన్నాయో వెతుకుతాను. ఒకటి రెండు పేజీలే ఉంటే అది మీకు పనికిరాదు.

రాజు మామూలు రోజుల్లో సొంత భూములు, సుంకాల ఆదాయంతోనే గడుపుకోవాలి. యుద్ధమొస్తే పార్లమెంటును పిలిచి పన్ను అడగాలి. 1536-40 మధ్య మఠాల ఆస్తి హెన్రీ చేతికొచ్చింది. నిలబెట్టుకుని ఉంటే అతని వారసులు పార్లమెంటు గడప తొక్కే అవసరం బాగా తగ్గేది. ఫ్రాన్స్, స్కాట్లండ్ యుద్ధాల కోసం చాలా భాగం అమ్మేశాడు. అదీ చాలక నాణేల్లో వెండి తగ్గించాడు. ఆ భూములు కొన్నవాళ్ళలో జిల్లాల్లోని భూస్వాములు, లాయర్లు ఎక్కువ. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌లో కూర్చునేదీ వాళ్ళే. హెన్రీ పోప్ పెత్తనం నుంచి తప్పించిన దేశాన్ని మేరీ మళ్ళీ పోప్ కిందికి తెచ్చినప్పుడు కూడా, ఆ భూములు వెనక్కి అడగబోమని గట్టి హామీ తీసుకున్నాకే వాళ్ళు దారికొచ్చారు.

చార్లెస్ దగ్గర ఈ దారం తెగేదాకా సాగింది. గద్దెనెక్కిన రాజుకు సుంకాలు జీవితాంతం రాసిచ్చే ఆనవాయితీ ఉండేది. 1625లో కామన్స్ ఒక్క ఏడాదికే ఇస్తామంది. అతను అనుమతి లేకుండానే వసూలు చేశాడు. 1629 మార్చి 2న సభ ముగించమని రాజు ఆజ్ఞ వస్తే, స్పీకర్ లేవకుండా సభ్యులు డెన్జిల్ హోల్స్, ఇంకొకరు కుర్చీలోనే అదిమి పట్టుకున్నారు. తీర్మానాలు చదివాకే వదిలారు. ఆ తర్వాత 11 ఏళ్ళు పార్లమెంటే లేదు. యుద్ధనౌకల కోసం రేవు పట్టణాల మీద వేసే ఓడల పన్ను దేశమంతా పడింది. జాన్ హాంప్‌డెన్ తన వంతు 20 షిల్లింగులు కట్టనని కోర్టుకెక్కాడు. 12 మంది జడ్జిల్లో ఏడుగురు రాజు పక్షం, ఐదుగురు ఇతని పక్షం. కేసు రాజే గెలిచాడు, కానీ ఐదుగురు జడ్జిలు కాదన్నారన్న మాట దేశమంతా పాకింది.

1642 జనవరి 4న చార్లెస్ సాయుధులతో సభకొచ్చి పట్టుకోబోయిన ఐదుగురు సభ్యుల జాబితా తీసి చూడండి. హోల్స్ ఉన్నాడు, హాంప్‌డెన్ ఉన్నాడు. వాళ్ళు అప్పటికే పడవెక్కి తప్పించుకున్నారు. ఎక్కడున్నారని అడిగితే స్పీకర్ లెంథాల్ మోకాళ్ళ మీద కూర్చుని, ఈ సభ చెప్పమన్నది తప్ప చూడ్డానికి కళ్ళూ చెప్పడానికి నోరూ తనకు లేవన్నాడు. 1629లో స్పీకర్ రాజుకు భయపడి ఏడ్చాడు. పదమూడేళ్ళకు స్పీకర్ రాజు ముఖం మీదే ఆ మాట అన్నాడు. ఆ మధ్యకాలం చెప్పే పుస్తకం వెతకండి.

జవాబు (ఎడిన్‌బరోదారి):

డబ్బుతోనే అంతా తేలదండీ. ఓడల పన్ను చెల్లదని 1641లోనే చట్టం చేశారు, చార్లెస్ ఒప్పుకున్నాడు. అయినా మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. అసలు 11 ఏళ్ళ తర్వాత అతను పార్లమెంటును ఎందుకు పిలవాల్సి వచ్చింది? 1637లో స్కాట్లండ్ చర్చిల మీద కొత్త ప్రార్థన పుస్తకం రుద్దాడు, ఎడిన్‌బరోలో మొదటిరోజే గొడవైంది, స్కాట్ల మీదికి సైన్యం నడపాల్సి వచ్చింది. 1641 అక్టోబరులో ఐర్లండ్ తిరగబడింది. అక్కడికి పంపే సైన్యం రాజు చేతిలో ఉండాలా, పార్లమెంటు చేతిలోనా అన్నది తెగని పేచీ అయింది. నవంబరులో రాజు తప్పుల చిట్టా మీద ఓటు పెడితే 159-148. అంటే ఓటేసినవాళ్ళలో దాదాపు సగంమంది వద్దన్నారు. వాళ్ళూ భూములున్నవాళ్ళే కదా?

రాత్రిచదువరి:

ఆ 148 మంది గురించి నా పుస్తకాల్లో ఒక్క ముక్క లేదు. వాళ్ళలో రాజు పక్షాన యుద్ధానికి వెళ్ళినవాళ్ళున్నారా?

ఎడిన్‌బరోదారి:

ఉన్నారు. ఎడ్వర్డ్ హైడ్‌తో మొదలుపెట్టండి. 1641 మొదట్లో ఓడల పన్ను జడ్జిల మీద విరుచుకుపడ్డ మనిషి, ఏడాది తిరిగేసరికి రాజుకు ప్రకటనలు రాసిపెట్టాడు. తర్వాత క్లారెండన్ ఎర్ల్ అయ్యాడు. అట్ట లోపల అది కూడా రాసుకోండి.