అప్‌డేట్: పాపకి క్లాసికల్ క్రిస్టియన్ చదువు, ఆరు నెలల తర్వాత

అమెరికాలో మా అక్క పిల్లలు చదివే క్లాసికల్ క్రిస్టియన్ పద్ధతి, మూడో తరగతిలో ఉన్న మా పాపకి ఇక్కడ విజయనగరంలో కుదురుతుందా అని జూన్‌లో అడిగాను కదండీ. స్కూలు మాన్పించకుండా సాయంత్రాలు ఇంట్లో చెప్పి చూడమన్నారు, అలాగే చేశాం.

ఈ పద్ధతికి ఊపిరి పోసింది 1947లో ఇంగ్లీషు రచయిత్రి డొరొతీ సేయర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ప్రసంగం. చిన్నప్పుడు వ్యాకరణం, అంటే లాటిన్ లాంటి పాఠాల మూలాలు కంఠస్థం చేయడం; పన్నెండేళ్ల ప్రాంతంలో తర్కం, ఆ తర్వాత చక్కగా మాట్లాడటం, రాయటం. అన్నిటికీ పునాది బైబిలే. కాబట్టి మొదటి ఏడాదే పిల్ల గడగడా వాదించేస్తుందని ఆశ పెట్టుకోకండి, ఇప్పుడంతా వల్లెవేయడమే.

పాప గడప మీద కూర్చుని లాటిన్‌లో 'అమో, అమాస్, అమాత్' (ప్రేమిస్తాను, ప్రేమిస్తావు, ప్రేమిస్తాడు) అని రాగం తీస్తుంటే, చిన్నప్పుడు సంస్కృతం చదివిన పక్కింటి తాతగారు "మా 'రామః రామౌ రామాః' లాగే ఉందే!" అని వచ్చి పక్కనే కూర్చున్నారు, ఆ రోజు నాకెంత ధైర్యం వచ్చిందో.

కష్టం మాత్రం తల్లిదండ్రులదే, ముందురోజు రాత్రి నేనూ చదువుకోవాలి. పరీక్షల టెన్షన్‌లో రెండు వారాలు ఆపేశాం కూడా. మార్కులు పెరిగాయా అంటే లేదు. కానీ ఆదివారం చర్చిలో వాక్యం విన్నాక "ఆయన ఎందుకలా చేశాడమ్మా?" అని అడుగుతోంది, ఇదివరకు అడిగేది కాదు. వచ్చే ఏడాదీ కొనసాగిస్తాం.