ఎఫ్-ఓపెన్‌కీ ఎఫ్-టీఆర్‌కీ ఒకే రైఫిల్: స్విచ్ బ్యారెల్ కట్టించుకోవడం తెలివైన పనేనా?

కరీంనగర్_టు_హ్యూస్టన్:
అందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డు వచ్చాక ఇక్కడి క్లబ్బులో చేరాను. 600 గజాల దగ్గర అరువు రైఫిల్‌తో ఎఫ్-టీఆర్ ఆడుతున్నాను. దూరపు టార్గెట్‌ని పడుకుని కొట్టే ఎఫ్-క్లాస్ పోటీలో అదొక విభాగం, రైఫిల్ ముందు భాగం రెండు కాళ్ల బైపాడ్ మీద ఉంటుంది. ఇంకో విభాగం ఎఫ్-ఓపెన్, అందులో రెస్టు అనే బరువైన పీఠం మీద పెట్టుకుంటారు. ఇప్పుడు సొంతంగా ఒకటి కట్టించుకోవాలని ఉంది. యాక్షన్ (బోల్టు, అది కదిలే రిసీవర్), స్టాకు (భుజానికి ఆనే కట్ట), ట్రిగ్గర్, స్కోపు ఒక్కొక్కటే. బ్యారెళ్లు మాత్రం రెండు, మార్చి మార్చి బిగించుకునేవి. స్విచ్ బ్యారెల్ అంటే అదే. 308 విన్‌చెస్టర్ తూటా బ్యారెల్ బిగిస్తే ఎఫ్-టీఆర్, 284 విన్‌చెస్టర్ తూటాది బిగిస్తే ఎఫ్-ఓపెన్. ఈ రెండు తూటాల కేసులకీ (మందు పట్టే ఇత్తడి గుల్లలకీ) అడుగు అంచు ఒకే సైజు కాబట్టి బోల్టు మార్చే పని కూడా లేదు. కానీ క్లబ్బులో పెద్దవాళ్లు "రెండు రైఫిళ్లు కొనుక్కో, లేదంటే ఒక్క ఆటే ఆడు" అంటున్నారు. ఎందుకని అడిగితే సరైన కారణం చెప్పరు. మీరేమంటారు?

ఫీనిక్స్_వాసు:
తమ్ముడూ, నీ ఆలోచన భేషుగ్గా ఉంది. ముందు డబ్బు లెక్క చూడు. బ్యాట్, బార్నార్డ్, కెల్బ్లీ లాంటి వాళ్ల యాక్షన్ ఒక్కటే పదిహేను వందల డాలర్లు అటూఇటూగా పడుతుంది. నైట్‌ఫోర్స్ 15-55 కాంపిటిషన్ స్కోపు రెండు వేలు దాటుతుంది. స్టాకు, ట్రిగ్గర్ ఖర్చు దీనికి అదనం. రెండో రైఫిల్ అంటే ఇదంతా మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. రెండో బ్యారెల్‌కైతే బ్లాంకు (ఇంకా చాంబర్ కోయని బ్యారెల్) ఖరీదు, చాంబర్ (తూటా కూర్చునే గది) కోసే కూలీ, అంతే.

చట్టం వైపు నుంచి కూడా ఇదే తేలిక. ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీ అంటే మనం యాక్షన్ అని పిలిచే రిసీవర్. దానికి డీలరు దగ్గర 4473 అనే కొనుగోలు ఫారం నింపాలి, నేపథ్య తనిఖీ కావాలి. మీ టెక్సస్‌లో బ్యారెల్ విడిభాగమే, నేరుగా ఇంటికి వస్తుంది. ఇది చదివే హెచ్1బీ వాళ్లకి ఒక మాట: వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్నే ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. లాయరుతో మాట్లాడకుండా దేనిమీదా చెయ్యి వేయకండి.

అన్నిటికన్నా నాకు ముఖ్యం అలవాటు. ఏ ఆట ఆడినా అదే ట్రిగ్గర్, చెంప ఆనేది అదే చోట.

లేత్_శ్రీను:
వాసు గారి డబ్బు లెక్క ఒప్పుకుంటాను. చాంబర్లు కోసేవాడిగా నాకు కనిపించేది బరువు లెక్క. ఎఫ్-ఓపెన్‌లో రైఫిల్ 10 కిలోలు దాటకూడదు. ఎఫ్-టీఆర్‌లో బైపాడ్‌తో కలిపి 8.25 కిలోలు దాటకూడదు. ఎఫ్-ఓపెన్ వాళ్లు ఇష్టపడే అంగుళంపావు మందం, ముప్పై అంగుళాల పొడవు ఉన్న తిన్నటి బ్యారెల్ నాలుగు కిలోలు దాటుతుంది. 308కి వేసే హెవీ పామా (కొసకి సన్నబడే ఆకారం) బ్యారెల్ అదే పొడవులో దాదాపు మూడు కిలోలు. పూర్తిగా 10 కిలోలకు కట్టిన రైఫిల్లో బ్యారెల్ మార్చి కిలోన్నర దించినా, బైపాడ్ ఎక్కించగానే ఎఫ్-టీఆర్ తూకంలో తప్పుతుంది.

ఇంకోటి, 284 కేసు అంచు 308 లాగే 0.473 అంగుళాలు, ఒళ్లు మాత్రం లావు. పొట్టి యాక్షన్‌లోనే ఎక్కువ మందు పట్టాలని 1963లో విన్‌చెస్టర్ వాళ్లు అలా చేశారు. అయితే మన ఆటలో వాడే 180 గ్రెయిన్ల బుల్లెట్లు పొడవు. తూటా మొత్తం పొడవు పెరిగిపోతుంది. పేల్చకుండా వెనక్కి తీయాల్సి వచ్చినప్పుడు పొట్టి పోర్టులోంచి (యాక్షన్‌లో తూటా పెట్టే, తీసే సందులోంచి) బయటికి రాదు. యాక్షన్ ఎంచుకునే ముందే పోర్టు పొడవు చూసుకోవాలి.

ఫీనిక్స్_వాసు:
శ్రీను గారూ, లెక్కను తలకిందులుగా మొదలుపెట్టండి. ముందు ఎఫ్-టీఆర్‌కి బైపాడ్‌తో సహా 8.25 లోపు కట్టాలి. బైపాడ్ తీసేసి బరువైన 284 బ్యారెల్ ఎక్కిస్తే తొమ్మిది కిలోల దగ్గర ఆగుతుంది. మిగతాది బట్‌లో సీసం వేసుకోవచ్చు, ముందు భాగం కింద మూడంగుళాల ప్లేటు బిగించుకోవచ్చు. ఎఫ్-ఓపెన్‌లో ఆ వెడల్పు వరకు అనుమతి ఉంది.

లేత్_శ్రీను:
బిగించుకోవచ్చు. కానీ ప్లేటు అంటే ఇంకో అతుకు. 1000 గజాల టార్గెట్‌లో ఎక్స్ రింగు (నట్టనడిమి వలయం) అడ్డం అయిదు అంగుళాలు. అక్కడ పైకీ కిందికీ కొట్టే రైఫిల్ నా బెంచి మీదికి వస్తే మొదట వెతికేది వదులైన అతుకుల కోసమే. నా అసలు అభ్యంతరం మాత్రం ఇనుముతో కాదు. ఎఫ్-ఓపెన్‌లో స్టాకు రెస్టు మీద పట్టాలెక్కినట్టు వెనక్కి జారి, మళ్లీ అదే చోటికి రావాలి. చాలామంది దాన్ని ముట్టీముట్టనట్టు పట్టుకుంటారు. ఎఫ్-టీఆర్‌లో బైపాడ్ మీద 308 ఎగరకుండా ప్రతి గుండుకీ భుజం ఒత్తిడి ఒకేలా ఉంచాలి. స్టాకు ఆకారమే వేరుగా ఉండాలి. రెండిటికీ సరిపోయే స్టాకు అని చెప్పి అమ్మేవి చూశాను. దేనికీ పూర్తిగా సరిపోవు.

సుజాత_308:
ఇద్దరూ అసలు విషయం దాటేస్తున్నారు. ఏ మ్యాచ్‌కి వెళ్లినా ఒక విభాగంలోనే పేరు ఇస్తాం. ఫిబ్రవరిలో ఫీనిక్స్ బెన్ ఎవరీ రేంజ్‌లో జరిగే సౌత్‌వెస్ట్ నేషనల్స్‌కి వెళ్తే, ఎఫ్-టీఆర్‌లో ఉన్నవాళ్లకి సంచిలోని 284 బ్యారెల్ దేనికి పనికొస్తుంది? అదే రెండో 308 బ్యారెల్ ఉంటే సీజన్ నిలబడుతుంది.

స్విచ్ బ్యారెల్ అసలు బలం అక్కడుంది. ఒకే ఆట, ఒకే క్యాలిబర్, ఒకే రీమర్‌తో (చాంబర్ కోసే పనిముట్టుతో) కోసిన రెండు బ్యారెళ్లు. రీమర్ ఒకటే అయి, హెడ్‌స్పేస్ (బోల్టు మూశాక చాంబర్‌లో తూటాకి ఉండే జాగా) కూడా సమానంగా పెట్టిస్తే ఒకే బ్రాస్ (కేసులు), ఒకే డై (పేలిన కేసుని మళ్లీ కొలతకి తెచ్చే అచ్చు) రెండిటికీ నడుస్తాయి. రీమర్లు వేరైతే అవే కేసులు ఒకదాంట్లో బిగుతుగా, ఇంకోదాంట్లో వదులుగా కూర్చుని ప్రాణం తీస్తాయి.

బ్యారెల్ అరిగిపోయే సరుకని కొత్తవాళ్లకి ఎవరూ గట్టిగా చెప్పరు. 308 అయితే మూడు వేల గుళ్లు పైబడి మ్యాచ్ స్థాయిలో నిలబడుతుంది. 284 రెండు వేల చుట్టూ దిగజారడం మొదలుపెడుతుంది. 6.5-284 అయితే వెయ్యి దాటగానే అనుమానమే. నా పాత బ్యారెల్ థ్రోట్‌లోకి (చాంబర్ దాటగానే ఉండే భాగంలోకి) బోర్‌స్కోప్ అనే సన్నటి గొట్టం పెట్టి చూస్తే ఎండిన చెరువు నేలలా నెర్రెలు కనిపించాయి. స్కోర్లు అప్పటికింకా బాగానే ఉన్నాయి, గాలి లేని రోజున మాత్రం పదో రింగు అంచుకి అకారణంగా ఒక గుండు వెళ్లేది. స్పేర్ అప్పటికే సిద్ధంగా ఉంది కాబట్టి ఆ సీజన్ టెన్షన్ లేకుండా గడిచింది. సిద్ధంగా అంటే పేల్చి చూసి ఉంచింది. కొత్త బ్యారెల్ మొదటి వంద, రెండొందల గుళ్లలో వేగం పెంచుకుంటూ పోతుంది. అది స్థిరపడకముందే లోడ్ (తూటాలో మందు కొలత) తేల్చుకుని పెద్ద మ్యాచ్‌కి తీసుకెళ్తే చేతులారా పోగొట్టుకున్నట్టే.

కరీంనగర్_టు_హ్యూస్టన్:
అక్కా, ఈ కోణం నాకు తట్టనే లేదు. మరి బ్యారెల్ మార్చిన ప్రతిసారీ జీరో (స్కోపుకి కుదిర్చిన గురి) పోతుంది కదా? ఇంట్లోనే మార్చుకోవచ్చా?

సుజాత_308:
జీరో కదులుతుంది తమ్ముడూ. ప్రతి బ్యారెల్‌కీ స్కోపు అంకెలు రాసిపెట్టుకుంటే దగ్గర్లోకి వస్తావు. మిగతాది రేంజ్‌లో సరిచూసుకున్నాకే మ్యాచ్‌కి వెళ్లాలి. మార్చడం సంగతి శ్రీను గారే చెప్పాలి.

లేత్_శ్రీను:
షోల్డర్ (యాక్షన్‌కి ఆనే మెట్టు) ఉన్న బ్యారెల్, నమ్మకమైన యాక్షన్ అయితే ఇంట్లోనే మార్చుకోవచ్చు. బ్యారెల్‌ని కదలకుండా పట్టుకునే వైస్ గట్టి బల్లకి బిగించి ఉండాలి. బోల్టు తీసి, వెనక నుంచి యాక్షన్ లోపలికి దూర్చే రెంచి వాడితే స్టాకులోంచి విప్పకుండానే పని అవుతుంది. కాకపోతే బ్యారెల్ మొండికేసినప్పుడు ఆ బలమంతా బెడ్డింగ్ (స్టాకులో యాక్షన్ కూర్చునే చోటు) మీద పడుతుంది. అలాంటప్పుడు స్క్రూలు విప్పి యాక్షన్ బయటికి తీయడమే మేలు. మరలు పట్టేయకుండా యాంటీసీజ్ పూత పూయాలి. షోల్డర్ మీద వెంట్రుకంత రజను కూడా ఉండకూడదు. అక్కడ రజను ఇరుక్కుంటే హెడ్‌స్పేస్ మారిపోతుంది. బిగించాక హెడ్‌స్పేస్ కొలిచే గేజ్‌లు రెండూ పెట్టి చూడాలి: గో గేజ్ మీద బోల్టు మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. ఈ పరీక్ష ఎన్నోసారైనా మానొద్దు. ఒక్కదాంట్లో తేడా కనిపించినా పేల్చకుండా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లాలి.

రెండు క్యాలిబర్లు పెట్టుకునేవాళ్లు ఇంకో సంగతి గట్టిగా పట్టించుకోవాలి. 300 బ్లాకౌట్ తూటా 223 చాంబర్‌లోకి పోయి రైఫిళ్లు పగిలిన ఘటనలు ఈ దేశంలో ఉన్నాయి. బ్యారెల్ మీద క్యాలిబర్ చెక్కి ఉండాలి, తూటాల పెట్టెల రంగులు వేరుగా ఉండాలి, ఆ రోజు వాడని పెట్టె రేంజ్‌కే రాకూడదు.

ఫీనిక్స్_వాసు:
సుజాత గారి మాటకి విలువ ఇస్తూనే చెప్తున్నా, ఈ తమ్ముడు ఇంకా నేషనల్స్ ఆడేవాడు కాదు. తనకి ఏ ఆట నచ్చుతుందో తెలియని దశలో ఉన్నాడు. ఆ దశలో 284 రుచి చూడటానికి ఇంకో రైఫిల్ కొనమనడం అన్యాయం. ఎఫ్-ఓపెన్‌లో పతకం రాకపోయినా ఫరవాలేదు. అదే గాలిలో 308 ఎంత పక్కకి పోతుందో, 284 ఎంత తక్కువ పోతుందో తన కళ్లతో చూడనివ్వండి. గాలి చదవడం నేర్పే పాఠం అది.

సుజాత_308:
వాసు గారూ, నా ఉద్దేశంలో గాలి చదవడం నేర్పేది 308యే. అది క్షమించదు. రెండో బ్యారెల్ కూడా 308యే అయితే తను ఇంకో మూడు వేల గుళ్లు అదే బడిలో చదువుతాడు.

కరీంనగర్_టు_హ్యూస్టన్:
నేను తేల్చుకున్నది ఇది. పొడవు పోర్టు ఉన్న యాక్షన్, ఎఫ్-టీఆర్ స్టాకు, ఒకే రీమర్‌తో రెండు 308 బ్యారెళ్లు. పోర్టు పొడవుగా ఉంటే వాసన్న చెప్పిన 284 దారి కూడా మూసుకుపోదు. శ్రీను గారూ, బ్యారెల్‌ని ఎంత బిగించాలి? ఒకరు వంద ఫుట్-పౌండ్లు అంటున్నారు, ఇంకొకరు చేత్తో బిగించి ఒక్క తోపు చాలంటున్నారు.

లేత్_శ్రీను:
మొదట నీ యాక్షన్ తయారుచేసినవాళ్లు ఏ అంకె చెప్పారో చూడు, అదే వాడు. ప్రతిసారీ అదే అంకె, అదే టార్క్ రెంచి. చేత్తో అంచనా వేసే పద్ధతి వద్దు. రెండు బ్లాంకులూ ఒకేసారి ఆర్డర్ పెట్టు, ఒకే గన్‌స్మిత్‌కి ఇచ్చి ఒకే విడతలో కోయించు. రీమర్ డ్రాయింగ్ కాపీ అడిగి దగ్గర పెట్టుకో. మూడో బ్యారెల్ నాటికి ఆయన దుకాణం మూసేసినా నీ బ్రాస్ వృథా పోదు.