పరావర్తనమా, ప్రతిఫలనమా, ప్రతిబింబమా?

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే భారీ గ్రహాల మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. నక్షత్రం వెలుగు గ్రహం మీద పడి తిరిగొస్తుంది కదా, ఆ వెలుగును ఏమనాలి? మొదట 'ప్రతిబింబించిన కాంతి' అని రాసి కొట్టేశాను. బింబం అన్నాక ఏదో ఒక ఆకారం కనపడాలి. నక్షత్రానికి బాగా దగ్గరగా తిరిగే ఈ గ్రహాలు విడిగా చుక్కలా కూడా కనపడవు, వాటి వెలుగు నక్షత్రం వెలుగులో పదివేలో వంతు కూడా ఉండదు, పైగా అందులోనే కలిసిపోయి వస్తుంది. 'పరావర్తనం' అర్థానికి సరిపోతుంది, వెనక్కి మరలడమే కాబట్టి. కానీ వాక్యం వాక్యానికీ 'పరావర్తనం చెందిన కాంతి' అంటే పాఠం చదువుతున్నట్టుంటుంది. 'గ్రహవెన్నెల' అందామని ఒక మిత్రుడు అన్నాడు. వినడానికి ఎంతో బాగుంది, అయితే వెన్నెలలోని 'నెల' చందమామే, నెలవంకలో ఉన్నదీ అదే. దాన్ని గ్రహానికి తగిలించడానికి మనసొప్పలేదు.

జవాబు: బింబం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవించలేనండీ. ఆ వెలుగును ఎలా వెతుకుతారో చూడండి. నక్షత్రం వర్ణపటంలో (వెలుగును రంగులుగా విడదీస్తే వచ్చే పట్టీలో) ఉండే నల్లటి గీతలే గ్రహం నుంచి వచ్చే వెలుగులోనూ ఉంటాయి, అచ్చం నకలు. కాకపోతే గ్రహం సెకనుకు 100 కిలోమీటర్లకు పైగా వేగంతో తిరుగుతుంది కాబట్టి (1995లో మేయర్, కెలో కనిపెట్టిన 51 పెగాసి బి అనే గ్రహానికి ఒక చుట్టు 4.2 రోజులే) డాప్లర్ ప్రభావం వల్ల ఆ నకలు గ్రహం మనవైపు వస్తున్నప్పుడు నీలం వైపు, దూరం వెళ్తున్నప్పుడు ఎరుపు వైపు జరుగుతుంది. దాన్నే పట్టుకోవాలి. అది ఎంత కష్టమంటే, 1999లో టౌ బూటిస్ అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం నుంచి ఈ వెలుగు దొరికినట్టే ఉందని ఒక బృందం ప్రకటించింది, తర్వాత మళ్లీ చూస్తే అది నిలబడలేదు. ఆకారానికి కాకపోయినా ఆ గీతలకు ఇది ప్రతిబింబమే కదా?

జవాబు: గీతల సంగతి నాకు తట్టలేదు, ఆ చోట మాత్రం ప్రతిబింబం ఉంచుతాను. మిగతా అంతటా 'గ్రహం మీద ప్రతిఫలించిన వెలుగు' అని రాస్తున్నాను, చదవడానికి తేలికగా ఉంది. ఇంకో మాట కూడా దొరికింది. గ్రహం అన్న పదం 'పట్టుకోవడం' అనే ధాతువు నుంచే వచ్చింది. ట్రెస్-2బి అనే గ్రహం తన మీద పడ్డ వెలుగులో 1 శాతం కూడా తిప్పి పంపదు, మిగతాదంతా పట్టుకునే ఉంచుకుంటుంది. అక్కడ 'శోషిస్తుంది' కొట్టేసి 'గ్రహిస్తుంది' అని మార్చాను.