ఇంటర్ అవగానే నాలుగేళ్ల బీఎస్సీ-బీఎడ్‌లో చేరాలా? డిగ్రీ అయ్యాక బీఎడ్ చేయాలా?

బైపీసీ పాప నాన్న:
మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. హైస్కూల్లో సైన్స్ టీచర్ అవుతానంటోంది. నీట్ గొడవ తప్పిందని నాకు లోపల సంతోషమే. కానీ ఇంట్లో ఇప్పుడు వేరే పేచీ మొదలైంది. ఎన్‌సీఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల ఐటీఈపీలో, అంటే బీఎస్సీ, బీఎడ్ కలిపి ఉన్న కోర్సులో చేరతానని తను. ముందు డిగ్రీ చదవనివ్వు, అప్పటికీ టీచరే అవుతానంటే బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసుకుంటుంది అని మా తమ్ముడు. మాది గుంటూరు వైపు. ఈ లైన్లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

పీఎస్ మాష్టారు:
మీ తమ్ముడి మాటే నాదీనూ. నేను జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏటా బీఎడ్ ఛాత్రోపాధ్యాయులు టీచింగ్ ప్రాక్టీసుకి మా స్కూలుకి వస్తారు. పోయినేడు ఒకబ్బాయి పదో తరగతికి రసాయన చర్యలు పాఠం తీసుకున్నాడు. లెసన్ ప్లాన్ ముత్యాల్లాంటి దస్తూరీతో రాశాడు, చార్టు వేశాడు, మెగ్నీషియం తీగను పట్టుకారుతో పట్టుకుని వెలిగించాడు కూడా. తెల్లటి పొడి వాచ్‌గ్లాసులో పడింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంతలో వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "సార్, కట్టె కాలితే బరువు తగ్గుతుంది కదా, ఇది పెరుగుతుందంటారేంటి?" అన్నాడు. మనవాడు "అది కట్టె, ఇది లోహం" అని దాటేసి బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

రెండిట్లోనూ ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది. కట్టెలో పుట్టిన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి గాల్లో కలిసిపోతాయి కాబట్టి మనం తూచేది మిగిలిన బూడిదనే. మెగ్నీషియం ఆక్సైడ్ ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి కావలసింది కెమిస్ట్రీ. నాలుగేళ్లలో రెండు కోర్సులూ కుక్కితే ముందు కోత పడేది సబ్జెక్టుకే.

మైసూరు బ్యాచ్:
మాష్టారూ, చిన్న సందేహం. ఆ అబ్బాయి చదివిందేమిటి? డిగ్రీ, ఆపైన బీఎడ్. మీరు మెచ్చుకుంటున్న దారిలోంచే కదా వచ్చాడు!

నేను మైసూరు ఆర్‌ఐఈలో (రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్) బీఎస్సీఎడ్ చేశాను, అదీ బీఎస్సీ, బీఎడ్ కలిపి ఉన్న నాలుగేళ్ల కోర్సే. ఎన్‌సీఈఆర్‌టీ సంస్థ అది, 1963 నుంచి ఉంది. నాలుగేళ్ల కోర్సంటే నిన్నగాక మొన్న పుట్టిందన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నా. క్యాంపస్‌లోనే డిమాన్‌స్ట్రేషన్ స్కూలు ఉంటుంది. బాటనీ ల్యాబ్‌లో ద్రవాభిసరణ (సన్నటి పొరలోంచి నీళ్లు చిక్కటి ద్రావణం వైపు వెళ్లడం) చేసిన వారంలోనే అదే బంగాళదుంప ప్రయోగాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు చూపించాల్సి వచ్చేది. "దుంపలోని ఉప్పే నీళ్లు తాగేసింది మేడం" అని ఒక పిల్ల అంటే, ఆ పిల్ల ఎక్కడ పొరబడిందో చెప్పడానికి నేను మళ్లీ నా పుస్తకం తిరగేశాను. డిగ్రీలో పరీక్ష కోసం చదివి మూడేళ్ల తర్వాత బీఎడ్‌లో గుర్తుచేసుకోవడం వేరు, ఇది వేరు.

ఇంకో విషయం. 2030 నాటికి టీచరు ఉద్యోగానికి కనీస అర్హత నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్ అవుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాశారు.

ఏడేళ్ల నిరీక్షణ:
విధానంలో చాలా రాస్తారండీ. నోటిఫికేషన్ రావాలిగా! ఆంధ్రాలో 2018 డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ల నియామక పరీక్ష) తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ ఎప్పుడొచ్చింది? 2025లో. తెలంగాణలో 2017 తర్వాత 11,062 పోస్టులతో 2024లో. మధ్యలో నాలాంటివాళ్లు ప్రైవేటు స్కూల్లో పన్నెండు వేలకి తొమ్మిదో తరగతి, పదో తరగతి, ట్యూషన్లు, స్కూలు బస్సు డ్యూటీ అన్నీ చేశాం. డిగ్రీ మూడేళ్లు, బీఎడ్ రెండేళ్లు కలిపి అయిదేళ్లకు బదులు నాలుగేళ్లే, ఏడాది మిగులుతుందని ఐటీఈపీలో చేరడం నాకు నవ్వొస్తుంది. ఆ మిగిలిన ఏడాది కోచింగ్ సెంటర్‌లోనే పోతుంది. పదిహేడేళ్ల పిల్లని ఒకే గుంజకు కట్టేయకండి. డిగ్రీ చేస్తే బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, ఎమ్మెస్సీ, ఏదైనా ఉంటుంది.

మైసూరు బ్యాచ్:
ఐటీఈపీ కూడా డిగ్రీయేనండీ. గ్రూప్స్ రాయొచ్చు, ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. మా బ్యాచ్‌లో ఎమ్మెస్సీ చేసి జూనియర్ లెక్చరర్లు అయినవాళ్లున్నారు. దారులు మూసుకుపోతాయన్న భయం మాత్రం పెట్టుకోకండి.

రికార్డుల రాణి:
అందరూ బీఎడ్ అంటే నిజంగా రెండేళ్లు చదువుతారన్నట్టు వాదిస్తున్నారు. 2015 నుంచి ఏడాది కోర్సు రెండేళ్లయింది, 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టారు, కాగితం మీద అంతా దివ్యంగా ఉంది. నేను చేరిన ప్రైవేటు కాలేజీలో ఫీజు కడుతున్నప్పుడే "రెగ్యులరా, నాన్ అటెండింగా?" అని అడిగారు. క్లాసుకి రాకుండా పేరుకే చేరే నాన్ అటెండింగ్‌కి రేటు ఎక్కువ! రికార్డులు రాసిపెట్టే మనిషి ఫోన్ నంబర్ ఆఫీసు గుమాస్తానే ఇచ్చాడు. క్లాసులో నేనూ ఇంకో ఆరుగురం. లెక్చరర్ గారు పాపం మా ఏడుగురికే మైక్రో టీచింగ్ (కొద్దిమందికి చిన్న పాఠం చెప్పి సాధన చేయడం) చెప్పేవారు. మాష్టారి స్కూలుకి వచ్చిన అబ్బాయి కనీసం వచ్చాడు, అదే గొప్ప.

పీఎస్ మాష్టారు:
మైసూరు అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న పదునైనదే. అయితే మైసూరు మైసూరే. సీటు ఆర్‌ఐఈలోనో, వరంగల్ ఎన్ఐటీలోనో వస్తే పాపని కళ్లు మూసుకుని పంపండి. ల్యాబ్ ఉంటుంది, పాఠం చెప్పేవాళ్లుంటారు. రాలేదని ఊరి చివర ప్రైవేటు కాలేజీ ఐటీఈపీ బోర్డు పెట్టగానే చేర్చేయకండి. రికార్డుల రాణి గారు చెప్పిన కథే అక్కడ రెండేళ్లకు బదులు నాలుగేళ్లు నడుస్తుంది. నాలుగేళ్లు ల్యాబ్ లేని చోట సైన్స్ చదివిన టీచర్ కంటే మంచి ప్రభుత్వ కాలేజీలో బీఎస్సీ చేసి, ఆ తర్వాత బీఎడ్ ఎలాగోలా గట్టెక్కినవాళ్లు నయం. బోధన ఉద్యోగంలో కొంత నేర్చుకోవచ్చు. సబ్జెక్టు మాత్రం ఆ వయసులో పట్టుబడకపోతే తర్వాత తీరిక దొరకదు.

డిగ్రీలో చేరేటట్టయితే ఒక సంగతి చూడండి. ఆంధ్రాలో 2023లో సింగిల్ మేజర్ విధానం వచ్చింది, అంటే ప్రధాన సబ్జెక్టు (మేజర్) ఒకటే, దానికి తోడుగా ఇంకోటి (మైనర్). బయాలజీ టీచరు హైస్కూల్లో మొక్కలూ చెప్పాలి, జంతువులూ చెప్పాలి. జువాలజీ మేజర్ తీసుకుంటే మైనర్‌గా బాటనీయే తీసుకోమనండి. ఏదో కంప్యూటర్ మైనర్ బాగుందని వెళ్తే రేపు బీఎడ్ మెథడాలజీ (ఏ సబ్జెక్టు బోధనలో శిక్షణ అన్నది) దగ్గర, డీఎస్సీ అర్హత దగ్గర టెన్షన్ పడాలి.

బైపీసీ పాప నాన్న:
మాష్టారూ, నాలుగేళ్ల ఆనర్స్ చేస్తే బీఎడ్ ఏడాదే అంటున్నారు, నిజమేనా?

మైసూరు బ్యాచ్:
నాలుగేళ్ల డిగ్రీ లేదా పీజీ ఉన్నవాళ్లకు ఏడాది బీఎడ్ తెస్తామని టీచర్ కోర్సుల నియంత్రణ సంస్థ ఎన్‌సీటీఈ 2025లో ముసాయిదా ఇచ్చింది. కానీ లెక్క వేసుకోండి, అప్పటికీ మొత్తం అయిదేళ్లే. ముసాయిదాని నమ్ముకుని ఇప్పుడే కోర్సు ఎంచుకోకండి. ఎన్‌సీఈటీ తెలుగులోనూ రాయొచ్చు, రాయనివ్వండి. రాస్తే పోయేదేముంది? ఐటీఈపీలో ఏ తరగతుల పిల్లలకు చెప్పాలన్నదాన్ని బట్టి స్టేజులుంటాయి, సెకండరీ స్టేజ్ ఉన్న సంస్థల్నే పెట్టమనండి. చిన్నపిల్లల స్టేజ్ పొరపాటున పడితే హైస్కూలు కల అక్కడే ఆగుతుంది.

ఏడేళ్ల నిరీక్షణ:
ఏ దారిలో వెళ్లినా టెట్ (టీచర్ అర్హత పరీక్ష) తప్పదు. పేపర్-2లో 150 మార్కుల్లో 60 గణితం, సైన్స్‌వి. అందులో సగం గణితమే. బైపీసీ వాళ్లు పదో తరగతితో లెక్కలు వదిలేస్తారు కదా, నా స్నేహితుల్లో జువాలజీ బాగా వచ్చినవాళ్లు అక్కడే బోల్తా పడ్డారు. డీఎస్సీలో టెట్‌కి 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి పాసైతే చాలదు, మార్కులు కావాలి. పాప ఆరు నుంచి పది దాకా లెక్కల పుస్తకాలు పాత సామాన్లవాడికి వేసేయకుండా ఉంచమనండి.