జీటీఎంసీ మీద 40 మి.మీ. టైర్లు: ఫ్రాన్స్‌లో 8 రోజులకు ఏ గ్రావెల్ దారి?

మట్టిబాట40:
జూన్ రెండో వారంలో ఫ్రాన్స్‌లో 8 రోజులు గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర బాటలకు పనికొచ్చే సైకిల్) మీద తిరగాలని ప్లాన్. గ్రాండ్ ట్రావెర్సే డ్యు మాసిఫ్ సాంత్రాల్ (జీటీఎంసీ) పట్టుకుని క్లెర్మాన్-ఫెరాన్ నుంచి మియో దాకా వెళ్దామనుకుంటున్నాను. టైర్లు 40 మి.మీ., ట్యూబ్‌లెస్. ముందు, పెడల్ దగ్గర, 40 పళ్ల ఒకే చైన్‌రింగ్; వెనక 11 నుంచి 42 పళ్ల దాకా గేర్లున్న క్యాసెట్. టెంటుతో కలిపి బ్యాగులు 10 కిలోలు. తారు తక్కువ ఉండాలి, సైకిల్ తోసుకుంటూ నడవడం ఇంకా తక్కువ ఉండాలి. రెండు చివర్లా రైలు కావాలి. ఈ సైకిల్‌తో ఆ దారి కుదురుతుందా? లేకపోతే ఇంకేది మంచిది?

గేర్‌వైర్:
జీటీఎంసీ గీసిందే వీటీటీ వాళ్ల కోసమండీ, అంటే మౌంటెన్ బైక్ వాళ్ల కోసం. అవలాన్ నుంచి మధ్యధరా ఒడ్డున కాప్ దాగ్డ్ దాకా సుమారు 1,400 కి.మీ. అందులో చాలా భాగం నిక్షేపంలాంటి అడవి రోడ్లే, కాదనను. చిక్కంతా మిగతాదానితోనే. పిడికిలంత రాళ్లు పరిచినట్టుండే దిగుడులో 40 మి.మీ. టైరూ 10 కిలోల బరువూ కలిస్తే రిమ్ రాయికి తగులుతుంది. అదే రాళ్ల మీద ఎక్కాల్సి వస్తే దిగి తొయ్యడమే.

నన్నడిగితే దారి పేరు కాదు, కింద నేల ఏమిటో చూసుకోండి. గ్రానైట్ నేలైతే వాన పడ్డా నీళ్లు చప్పున దిగిపోతాయి, గరుకు ఇసుక మిగులుతుంది, టైరు పట్టు తప్పదు. 'కోస్' అనే సున్నపురాయి పీఠభూముల మీద ఎండకు తెల్లగా గట్టిగా ఉండే బాటలుంటాయి, కానీ ఆ రాళ్ల అంచులు బ్లేడులే. అన్నిటికన్నా పాడుది తులూజ్ పక్కన లోరాగే పొలాల బంకమట్టి. తడిస్తే చక్రానికీ ఫోర్కుకీ మధ్య ముద్దలా ఇరుక్కుని, కాసేపటికే చక్రం తిరగనంటుంది. వాన వచ్చిందా, అక్కడ పొలం బాటల జోలికి పోవద్దు.

మీ సైకిల్‌కి నేను చెప్పేది తులూజ్-మియో. తులూజ్ స్టేషన్ బయటికొస్తే ఎదురుగా కనాల్ డ్యు మిది అనే పాత పడవల కాలువ. అక్కణ్ణుంచి నోరూజ్ దాకా 50 కి.మీ. చెట్ల నీడన తారు బాట, ఇది మొదటిరోజుకు సరి. ఒక్క మాట: ఓతాన్ గాలి వీస్తోందంటే ఆగ్నేయం నుంచి నేరుగా మొహానికి కొడుతుంది, పొద్దున్నే బయల్దేరండి. నోరూజ్ దాటి కాలువ వెంటే వెళ్లిపోకండి, ఓద్ జిల్లా భాగంలో బాటంతా ప్లేన్ చెట్ల వేళ్లు పైకి లేచి ఉంటాయి, చేతులు తిమ్మిరెక్కుతాయి.

అక్కడే ఎడమకు తిరిగి రిగోల్ డ్ లా ప్లేన్ అనే పిల్లకాలువ పట్టుకోండి. 1666లో మొదలెట్టి కాలువ తవ్వించిన పియేర్-పాల్ రికేకి అసలు సమస్య కాలువలో అన్నిటికన్నా ఎత్తైన నోరూజ్ మిట్టకు నీళ్లు తేవడం. నల్లకొండల నుంచి, అంటే మోంతాన్య నువార్ నుంచి, పిల్లకాలువలు తెప్పించాడు. నీళ్లు పారాలంటే వాలు అతి తక్కువ ఉండాలి కదా, కాబట్టి పక్కన బాటా దాదాపు చదునే. సుమారు 38 కి.మీ. మట్టిబాట, రెవెల్ దగ్గరికి చేరుస్తుంది. ఆపైన సాన్ ఫెరెయోల్ చెరువుకు ఒక చిన్న ఎక్కుడు, తర్వాత లే కమాజ్, అక్కణ్ణుంచి రిగోల్ డ్ లా మోంతాన్య అనే కొండ పిల్లకాలువ వెంట, అది అల్జో వాగు నుంచి మొదలయ్యే చోటు దాకా బీచ్ చెట్ల అడవి. ఇది కొన్నిచోట్ల సన్నబడి కాలిబాట అవుతుంది, నడిచేవాళ్లు కనిపిస్తే దిగండి.

అడవి రోడ్ల మీదుగా మజామే దిగాక పాసా పాయిస్: పాత రైలు కట్ట, బెదార్యూ దాకా 80 కి.మీ.కి కాస్త తక్కువ, ఎక్కువ భాగం పొడి గ్రావెల్. సొరంగాలున్నాయి, లైటు బ్యాగు అడుగున పెట్టుకోవద్దు. అసలు పరీక్ష బెదార్యూ తర్వాత. 200 మీటర్ల ఎత్తు నుంచి లూనాస్ మీదుగా 700 పైన ఉన్న లార్జాక్ అనే కోస్ పీఠభూమికి ఎక్కాలి. ఆ ఎక్కుడుకి సిగ్గుపడకుండా చిన్న తారు రోడ్డు వాడండి, మట్టి పైకెళ్లాక బోలెడుంది. మొత్తం 5 రోజులు. మిగతా మూడు రోజులు మియోలో బ్యాగులు దించేసి కోస్ నువార్, కోస్ మెజాన్ చుట్టండి.

కాగితప్పటం:
రూటు బాగుంది. కానీ ఫోన్ యాప్ గీసిచ్చిన గీతను నమ్మి బయల్దేరితే ఎవరో ఒకరి పెరట్లో తేలతారు. ఫ్రాన్స్ ప్రభుత్వ పటాల సంస్థ ఐజీఎన్ గీసిన 1:25,000 పటం ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. అందులో సన్నటి నిండు గీత ట్రాక్టరు పోయే బాట, చుక్కచుక్కగా తెగిన గీత కాలిబాట. బరువుతో ఉన్నప్పుడు తెగిన గీతలు, దగ్గరదగ్గరగా ఎత్తు రేఖలు ఒకచోట కనిపిస్తే ఆ ముక్క వదిలేయండి. ఎరుపు-తెలుపు గుర్తు నడక దారిది. పసుపు త్రిభుజం, పక్కన రెండు వృత్తాలు ఉంటే అది వీటీటీ.

'ప్రొప్రియెతే ప్రివే' బోర్డును తేలిగ్గా తీసుకోవద్దు. ప్రైవేటు స్థలమని బోర్డో కంచో స్పష్టంగా చెబుతుంటే, 2023 ఫిబ్రవరి చట్టం వచ్చాక లోపలికి అడుగుపెట్టడమే నేరం, జరిమానా 135 యూరోలు. లార్జాక్ మీద లా కావల్రీ పక్కన సైనిక శిబిరం ఉంది, పటంలో దాని లోపల కనిపించే తెల్లటి బాటలు ఎంత ఊరించినా మీవి కావు. పశువుల గేటు ఎలా ఉంటే అలాగే వదలండి: మూసి ఉంటే మూసి, తెరిచి ఉంటే తెరిచి.

గొర్రెల మందలో పెద్ద తెల్ల కుక్క కనిపిస్తే అది పాతూ, కాపలా కుక్క. దిగి, సైకిల్‌ని దానికీ మీకూ మధ్య పెట్టుకుని, మందకు దూరంగా చుట్టి నడవండి. తొక్కుతూ పోతే వెంటపడుతుంది.

సీసా_మూడోది:
నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. సున్నపురాయి వాన నీటిని నేరుగా మింగేస్తుంది, అందుకే లార్జాక్ మీద వాగులుండవు, నీడా అంతంతే. ఎక్కే ముందే 3 లీటర్లు నింపుకోండి. ఊళ్లో కుళాయి దొరక్కపోతే శ్మశానానికి వెళ్లండి, పూలకు పోసే కుళాయి గేటు దగ్గరే ఉంటుంది. 'ఓ నోన్ పొతాబ్ల్' (తాగే నీరు కాదు) అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం రెండు మూడు గంటలు మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం తర్వాత తెరవడం అరుదు, సోమవారం చాలా బేకరీలకు సెలవు. శనివారం సాయంత్రమే రెండు పూటలకు కొనుక్కోండి. టెంటుకు 'కాంపింగ్ మ్యునిసిపాల్' (ఊరి పురపాలక క్యాంపు స్థలం) అనే బోర్డు వెతకండి.

మట్టిబాట40:
చాలా థాంక్స్. జీటీఎంసీ ఆలోచన మానేశాను. 40 చైన్‌రింగ్ ఉంచాలా, మార్చాలా? టైర్లూ మార్చాలా?

సీలెంట్60:
రెండూ మార్చండి. ముందు 40, వెనక 42 పళ్లతో పెడల్ ఒక చుట్టుకు సైకిల్ సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లంటే గంటకు 7.5 కి.మీ. మనిషీ సైకిలూ సామానూ కలిసి 90 కిలోలనుకుంటే, 10 శాతం ఎక్కుడులో ఆ వేగానికే 200 వాట్లు కావాలి. అంత పెట్టలేకపోతే పెడల్ వేగం పడిపోయి మోకాళ్ల మీద పడుతుంది. ముందు 34 పళ్లది పెడితే అదే 60 చుట్లకు గంటకు 6.4 కి.మీ. మీ క్రాంక్ బోల్టు రంధ్రాలకు 34 పడుతుందో లేదో ముందు చూసుకోండి. 40 నుంచి 34కి దిగినప్పుడు చైన్‌లో ఒక జత లింకులు తియ్యాలి. తియ్యకపోతే చిన్న పళ్ల మీద చైన్ వేలాడి ఫ్రేముకు కొట్టుకుంటుంది.

ఫ్రేములో పడితే 45 మి.మీ. టైర్లు, పక్కగోడలు దళసరివి. గాలి వెనక 2.3 బార్, ముందు 2.0 దగ్గర మొదలుపెట్టండి. ఒక్కో టైరులో 60 మి.లీ. సీలెంట్, అంటే చిన్న రంధ్రాలను మూసే ద్రవం. కోస్ రాళ్లు టైరును మధ్యలో గుచ్చవు, పక్కన కోస్తాయి. అక్కడ రంధ్రంలో దూర్చే రబ్బరు ప్లగ్ నిలవదు. లోపలి నుంచి వేసే పెద్ద ప్యాచ్, ఒక ట్యూబు తప్పనిసరి. జూన్ కాబట్టి ఒక లాభం: రైతులు మార్చి 16 నుంచి ఆగస్టు 15 దాకా కంచె మొక్కలు కత్తిరించకూడదు. ఆ తర్వాత యంత్రంతో కొట్టినప్పుడు ముళ్లన్నీ బాట మీదే పడతాయి, పంక్చర్లు అప్పుడు చూడాలి.

పాసా పాయిస్ మీద వాన పడితే ఆ సన్న పొడి పేస్టులా మారి బ్రేక్ ప్యాడ్లను అరగదీస్తుంది. ఒక జత ఎక్స్‌ట్రా పెట్టుకోండి. సాయంత్రం చైన్ తుడవకుండా దాని మీదే నూనె పోస్తే అది గరుకు కాగితంతో సమానం.

గేర్‌వైర్:
రైలు గురించి అడిగారు కదా. పారిస్ నుంచి తులూజ్‌కి ఇంటర్‌సిటే అనే దూరప్రయాణ రైల్లో విప్పని సైకిల్‌కి 10 యూరోల రిజర్వేషన్, ముందే చేసుకోవాలి. విప్పి బ్యాగులో పెడితే కొలత 130 x 90 సెం.మీ. దాటకూడదు. తిరుగు ప్రయాణంలో మియో నుంచి బేజియేకి రైళ్లు రోజుకు కొన్నే, సైకిల్ కొక్కేలు అంతకన్నా తక్కువ. అదే లైను బెదార్యూ మీదుగా పోతుంది కాబట్టి, లార్జాక్ మీద ఉరుములు ఖాయమని తెలిస్తే ఆ ఎక్కుడు వదిలేసి బెదార్యూలోనే రైలెక్కొచ్చు.