‘అబైడ్’కు సరిజోడు ‘తాళు’

నాగర్‌కర్నూలు నుంచి ఇంగ్లీషు బోధించే సార్ ఈ బృందంలో ఒక ప్రశ్న పెట్టారు. వెయిట్, స్టే, రిమెయిన్, ఎండ్యూర్, అబైడ్ అనే క్రియలను తరగతిలో ‘ఉండు’, ‘వేచియుండు’ అనే రెండు మాటలతోనే నెట్టుకురావలసి వస్తున్నదనీ, తెలుగులో వీటికి వేరువేరు మాటలు లేవా అనీ వారి బాధ. ఉన్నాయి సార్. మన ఇళ్లలో, పొలాల్లో రోజూ వాడే మాటలను పాఠంలోకి రానివ్వకపోవడం వల్లనే ఈ కొరత కనిపిస్తున్నది.

ముందుగా వెయిట్ సంగతి చూద్దాం. ఈ మాట ఉత్తర ఫ్రాన్సు మాండలికం మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. దాని మూలార్థం ఊరికే కూర్చోవడం కాదు, కళ్లు తెరచి కాపలా కాయడం, శత్రువు కోసం పొంచి ఉండడం. మెలకువను చెప్పే వేక్, కనిపెట్టి చూడడాన్ని చెప్పే వాచ్ దీనికి చుట్టాలు. మన ‘కాచుకొను’ సరిగ్గా ఇదే దారిలో నడిచింది. జొన్నచేనులో మంచె మీద కూర్చొని పిట్టలను తోలేవాడు చేనును కాస్తున్నాడు; ‘నీ కోసం పొద్దటి నుంచి కాచుకొని ఉన్నాను’ అన్నవాడు వేచి ఉన్నాడు; ‘వాడు అదను కోసం కాచుకొని కూర్చున్నాడు’ అంటే అందులో పొంచి ఉండడం కూడా చేరింది. ఒకరికి సేవ చేయడాన్ని వెయిట్ ఆన్ అనడం, వడ్డించేవాడిని వెయిటర్ అనడం పిల్లలకు వింతగా తోస్తుంది గాని, దవాఖానలో తల్లిని ‘కనిపెట్టుకొని ఉన్న’ కూతురిని గుర్తుచేస్తే ఆ వింత తీరిపోతుంది. ఎదురుచూపులోనూ చూపే ఉన్నది, నిరీక్షణలోనూ ప్రతీక్షలోనూ చూపును చెప్పే సంస్కృత ధాతువే ఉన్నది. ఎక్స్‌పెక్ట్ అనే మాటకు లాటిన్‌లో బయటికి చూడడమని అర్థం. వేచి ఉండడం కంటి పని అని రెండు భాషలూ వేరువేరుగా తెలుసుకున్నాయన్నమాట.

స్టే, రిమెయిన్‌ల మధ్య తేడాను పాలమూరు పల్లెల్లో చెప్పినంత తేటగా మరెక్కడా చెప్పలేమని నా నమ్మకం. బొంబాయికో పూణెకో కట్టడాల పనికి ఊరు ఊరంతా పోగా, నడవలేని ముసలివారు ఊళ్లో మిగిలారంటే అది రిమెయిన్. పోగలిగిన శక్తి ఉండి కూడా ఒకడు పోకుండా ఊళ్లోనే ఉన్నాడంటే అది స్టే. స్టేలో సాధారణంగా మనిషి ఎంపిక ఉంటుంది. రిమెయిన్‌లో మిగతావన్నీ తొలగిపోయాక ఉన్నది కనిపిస్తుంది. లాటిన్ మూలాలు కూడా దీనికి అనుకూలమే: మొదటిదానికి నిలబడడం, రెండవదానికి వెనుక నిలిచిపోవడం. ‘మిగులు’ అనే చక్కని తెలుగు మాట చేతిలో ఉండగా రిమెయిన్‌ను ‘ఉండు’ అని అనువదించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లాస్ట్ అనే క్రియను సార్ అడగలేదు గాని, అదీ ఈ వరుసలోనిదే. ‘ఈ బియ్యం నెలంతా వస్తాయా?’ అన్నప్పటి ‘వచ్చు’ దానికి సరిపోతుంది. పాత ఇంగ్లీషులో ఆ మాటకు అడుగుజాడ వెంట నడవడం అని అర్థం. చివర అనే అర్థమున్న లాస్ట్‌తో దానికి పుట్టుక సంబంధం లేదు. చెప్పుల విషయంలోనైతే మనం ‘మన్నుతాయి’ అంటాము.

ఎండ్యూర్‌కు మూలం లాటిన్‌లో గట్టిపడడం. దీనికి రెండు ముఖాలున్నాయి, పిల్లలు తడబడేది ఇక్కడే. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ వైపు ఊళ్లవారు ఫ్లోరైడ్ నీళ్లు తాగి, వంగిపోయిన ఎముకలతో దశాబ్దాల పాటు బాధను ఓర్చుకున్నారు అనేటప్పుడు ఈ క్రియకు కర్మ కావాలి: దేనిని ఓర్చుకున్నారన్నది చెప్పాలి. నల్లగొండ పక్కనున్న పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం, ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నుంచి నిలిచి ఉన్నది అనేటప్పుడు అదే క్రియకు కర్మ అక్కరలేదు. ఓర్చుకొను, నిలుచు అని మనం రెండు మాటలకు పంచిన పనిని ఇంగ్లీషు ఒక్కదానికే అప్పగించింది.

ఇక అబైడ్. సార్ దీనిని చివర పెట్టారు గాని, అసలు చిక్కు దీనిలోనే ఉన్నది. పాత ఇంగ్లీషులోని బైడ్‌కు ముందొక ఉపసర్గ చేరి ఇది పుట్టింది. వేచి ఉండు, నిలిచి ఉండు, నివసించు, సహించు అనే నాలుగు అర్థాలనూ ఇది మోసింది. నివాసం అనే అర్థమున్న అబోడ్ దీని నుంచి వచ్చినదే. అదను కోసం ఓపికగా ఉండడాన్ని చెప్పే నానుడిలో బైడ్ ఇప్పటికీ బతికి ఉన్నది. స్కాట్లండులో నివసించడానికీ ఆ మాటే వాడతారు. ఇన్ని అర్థాలను కలిపి మోయగల తెలుగు మాట లేదని చాలామంది అనుకుంటారు. నేను ‘తాళు’ను చూపిస్తాను. ‘కొంచెం తాళండి’ అంటే వేచి ఉండమనడం. ‘ఎండకు తాళలేకపోయాడు’ అంటే ఓర్చుకోలేకపోవడం. ‘ఈ మట్టిగోడ ముసురుకు తాళదు’ అంటే నిలవదనడం. ఓర్పుకు ‘తాలిమి’ అనే పేరున్నదని కూడా మరువవద్దు.

ఈ పోలిక నాకు మరింత బలంగా కనిపించేది వ్యతిరేకార్థంలో. ఇప్పటి ఇంగ్లీషులో సహించడమనే అర్థంలో అబైడ్ ఎక్కువగా ‘లేను’, ‘లేడు’ వంటి మాటల తోడుతోనే వినిపిస్తుంది. ఫలానావారి మాటతీరును అబైడ్ చేయలేను అంటారే తప్ప, చేస్తున్నాను అనడం అరుదు. మన తాళుకూ అదే గతి పట్టింది. ‘తాళలేక’, ‘తాళజాలక’ అని రాస్తాము గాని, ‘బాధను తాళుతున్నాను’ అని ఎవరూ అనడం లేదు.

అయితే తాళు ఒకచోట చాలదు: నివసించు, అంటిపెట్టుకొని ఉండు అనే అర్థంలో. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో యోహాను సువార్త పదిహేనవ అధ్యాయంలో ఉన్న అబైడ్‌ను తెలుగు అనువాదకులు ‘నిలిచియుండుడి’ అన్నారు. అది ఎంతో ఆలోచించి ఎంచిన మాటగా నాకు తోస్తుంది. చట్టానికి, ఒప్పందానికి అబైడ్ బై అన్నప్పుడు ‘కట్టుబడు’ సరైనది. తరగతిలో సార్ ఈ మూడింటినీ మూడు వాక్యాలుగా పెట్టి, ‘తాళు’తో మొదలుపెడితే బాగుంటుందని నా సూచన. గద్వాల, వనపర్తి వైపు పెద్దల నోట తాళు ఇంకా ఏయే అర్థాల్లో వినిపిస్తున్నదో అక్కడి సభ్యులు దయచేసి రాయగలరు.